ముట్టుకుంటే షాక్

“ముట్టుకోకు వదినా, ఒంట్లో ఇంకా కరెంటుంటుంది,” అని గుమ్మంలోంచే కేకేశాడు మరిది.

పిడుగు దెబ్బకి అతని పెళ్ళాం పెరట్లో బట్టల తీగ కింద పడి ఉంది. ఊపిరాడుతున్నట్టు లేదు.

మిక్సీ జారు పగలగొట్టిందెవరన్న తగువుతో ఏడాదిగా ఆ తోడికోడళ్ళకి మాటల్లేవు. అయినా పెద్దామె కొంగు బిగించి వానలోకి పరిగెత్తింది.

“కరెంటు దాచుకోడానికి ఇది బ్యాటరీ కాదయ్యా, మనిషి,” అంటూ గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కింది. నొక్కుతూనే తిట్టింది. “లేవవే. నిన్ను సాధించడానికి నేనుండగా, మధ్యలో పిడుగు పెత్తనమేంటి?”

చిన్నామె దగ్గి, కళ్ళు తెరిచి, తోడికోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు మొగుడు గుమ్మం దిగాడు. “ఎలా ఉందే? ఒంట్లో కరెంటు పోయిందా?”

“దగ్గరికి రాకండి,” అంది నీరసంగా. “ఇంకా కరెంటుంది.”