బొమ్మ మూలన పేరు

"బొమ్మలు మీరే వేశారంటున్నారు. మరి మూలన మగవాళ్ళ పేరుందేమిటమ్మా?" అంది సంగీత.

వనమాలమ్మ వంగి ఆ మూల వైపు చూసింది. మానుకోటలో మిర్చి వ్యాపారం చేసే ఇల్లు అది. వరండా నిండా గోనెపట్టాల మీద వేసిన బొమ్మలు పరిచి ఉన్నాయి. ఎర్రటి కల్లం, మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు, ఘాటుకు మూసుకుపోయిన కళ్ళు. ఇటువంటి బొమ్మ ఒకటి ఎట్లా పోయిందో ఏమో, హైదరాబాదు చేరింది. ఆధునిక చిత్రకళకు కొత్త దారి చూపిన చెయ్యి ఇదని అక్కడి పెద్దలు తేల్చారు. అది ఆడదాని చెయ్యేనని, అక్కడ ప్రదర్శనలు పెట్టే సంగీతకు తోచింది. అదే నిజమైతే రాబోయే ప్రదర్శనలో తొలి పేరు వనమాలమ్మదే. ఆ మాట తేల్చుకుందామనే పాపం, అంత దూరం నుంచి వచ్చింది.

"నేనే ఏసిన బిడ్డా. చింతగింజలు ఉడకవెట్టి గోనెకు పూసి, ఎర్ర జాజురాయి నూరి..."

"అది సరే. ఈ పేరు?"

మూలన వంకరటింకరగా ఒకే మాట. గణపతి. పోయిన షావుకారు, వనమాలమ్మ పెనిమిటి పేరు.

కొడుకు వెంకట్రాజం అందుకున్నాడు. "మా బాపు పేరు మేడం. బాపుకు చెయ్యి మంచిగుండేది."

"ఏంది? మీ బాపు కుంచె వట్టిండా? కాంటా దప్ప ఇంకోటి వట్టిండా ఆయన?"

"ఊకో అవ్వా! బాపు పేరైతె చౌరస్తల విగ్రహం గూడ పెడ్తరు."

"నీ విగ్రహం సల్లగుండ! నాయినమ్మ ఏస్తుంటె నేను చూసిన మేడం," అంది మనుమరాలు సాయిప్రియ.

"నువ్వు చూసినవి వేరమ్మా. ఇవి నువ్వు పుట్టకముందువి." సంగీత బొగ్గుముక్క తీసి వనమాలమ్మ చేతికిచ్చింది. "ఒక్క గీత గీసి చూపిస్తారా?"

ముసలి వేళ్ళకు పట్టు చిక్కలేదు. బొగ్గు జారి నేల మీద ముక్కలైంది.

సంగీతకూ మనసు చివుక్కుమంది. దగ్గరికి జరిగి కూర్చుంది. "పోనీ, మీ నోటితో చెప్పండి. ఈ పేరు ఎవరిది?"

"నా నోటితోని ఎట్ల చెప్త బిడ్డా? తప్పు గాదూ!"

మొగుడి పేరు పైకి పలికే ఆడది ఆ తరంలో ఎవరున్నారు? మనిషి పోయినా పలకరు.

"పలకకండి. ఈ పేరుగలాయన మీకేమవుతారో అది చెప్పండి, చాలు."

"ఏమయ్యేదేంది? దేవుడు!" వనమాలమ్మ చెంపలేసుకుంది.

"అయితే ఆయన లేకుంటే ఈ బొమ్మలు లేవా?"

"యాడియి బిడ్డా? ఆయన దయ లేకుంటె గీత గూడ పడదు."

"అంతా ఆయనేనా?"

"అంత ఆయననే. నాదేముంది?"

సంగీత కళ్ళు చెమర్చాయి. "అర్థమైందమ్మా," అంది ఆమె చెయ్యి పట్టుకుని.

వనమాలమ్మ ప్రాణం కుదుటపడింది. చదువుకున్న పిల్ల చదువుకున్న పిల్లే, ఎంత చప్పున తెలుసుకుంది! "సాయీ, మేడంకు చాయ వెట్టు," అని కేకేసింది.

చాయ తాగి సంగీత లేచింది. "చిత్రకారుడిగా గణపతి గారి పేరే వేస్తాం. మీరు రంగులు నూరి ఇచ్చారని కూడా రాయిస్తాను. ఆ మాట నాది."

"గదేంది? ఏసింది నేను గదా!"

"మా అవ్వకు మతి నిలుస్తలేదు మేడం. ఇందాక ఒకటి, గిప్పుడొకటి," అన్నాడు వెంకట్రాజం, బొమ్మలు చుట్టచుట్టి కారులో పెట్టిస్తూ.

సంగీత వనమాలమ్మ కాళ్ళకు దండం పెట్టింది. కారు కదిలి మిర్చి మార్కెట్ దుమ్ములో కలిసిపోయింది. వరండా బోసిగా మిగిలింది. మూసుకున్న కళ్ళ ఆడవాళ్ళు ఒక్కరూ లేరు.

సాయిప్రియ ఏడుపు ఆపుకోలేకపోయింది. "అంత ఆయననే అని నువ్వే అంటివి గదనే! నీ చేతులార జేసుకుంటివి. అసలు నీ బొమ్మల మీద తాత పేరెందుకు రాసినవ్ నాయినమ్మా?"

వనమాలమ్మ తెల్లబోయి చూసింది.

"మీ తాత పేరు నేనెందుకు రాస్తనే? ఏ పనైన మొదలువెట్టంగ, ముందుగాల ఆ తొండం దేవుని పేరు రాయొద్దా!"