తోడు గురించి రెండు మంచి మాటలు

“రెండు మంచి మాటలు చెప్పి కూర్చో. అంతకు మించి ఏమీ వద్దు” అన్నాడు మేనేజర్ కిరణ్, ఆదోనిలో కాలేజీ గేటు ముందు కారు దిగుతూ.

షహనాజ్ తలూపింది. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎమ్మిగనూరు ఆఫీసులో, అతని బీరువాలో ఉన్నాయి. రెండేళ్ళ బాండు. ఇంకా పదహారు నెలలు మిగిలే ఉన్నాయి.

సెమినార్ హాలు నిండిపోయింది. ప్రోగ్రాములు రాయడంలో సాయం చేసే ‘తోడు’ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎనిమిది నెలలుగా ఈ కాలేజీ పిల్లలు ఇరవై మంది వాడి చూస్తున్నారు. ఇవాళ వాళ్ళు తమ అనుభవాలు చెప్పాలి.

ప్రిన్సిపాల్ షహనాజ్‌ను వేదిక మీద కిరణ్ పక్కన కూర్చోబెట్టి పరిచయం చేశాడు. “మన పాత విద్యార్థిని. ఇప్పుడు తోడు కంపెనీలోనే ఉద్యోగం. పోయిన నెలే వాళ్ళ నాయన మౌలాలి గారు కాలం చేసినారు. అయినా నేను పట్టుబట్టితే వచ్చింది.”

ముందుగా లోకేష్ మైకు అందుకున్నాడు. “నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే సార్. ‘యాడ తప్పు చేసినాను’ అని మన మాటల్లో అడిగినా దీనికి అర్థమైతాది. కానీ పోయిన నెల నాలుగు దినాలు అస్సలు పలకలేదు.”

“సర్వర్ మార్చినాం” అన్నాడు కిరణ్, నవ్వుతూ.

తర్వాత హులిగమ్మ లేచింది. “ఒకే తప్పు పదిసార్లు చేసినా విసుక్కోదు. ఒకసారి ఏడుపొచ్చి, చదువు మానేస్తానని దాంట్లోనే రాసినాను. ‘నీళ్ళు తాగి రా, ఇద్దరం కలిసి సూద్దాం’ అనింది. అందుకే ఇంకా ఈడ ఉండాను.”

హాలంతా చప్పట్లు. షహనాజ్ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

“దాన్నే ఒక మాట అడగాలని ఉంది సార్, అందరి ముందరా” అంది హులిగమ్మ.

“డెమో ఇవాళ లేదమ్మా” అని కిరణ్ అంటుండగానే ప్రిన్సిపాల్ తెర వెలిగించాడు. హులిగమ్మ టైపు చేసింది.

‘ఆ దినం నాకు ధైర్యం చెప్పినావు. నీకెవరు చెప్తారు?’

జవాబు రాలేదు. ఒక నిమిషం గడిచింది. రెండు.

కిరణ్ షహనాజ్ చెవి దగ్గరకు వంగాడు. “ఫోన్ తీసుకొని బయటికి పో. తొందరగా.”

ఆమె కళ్ళ ముందు బీరువా మెదిలింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, టేబుల్ మీద బోర్లా పెట్టింది.

“నేను యాడికీ పోను సార్.”

కిరణ్ చెమట తుడుచుకుని లేచాడు. “నెట్‌వర్క్ సమస్య. ఒక్క నిమిషం ఓపిక పట్టండి.”

హాల్లో అందరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. ఎనిమిది నెలలుగా ఎమ్మిగనూరు గదిలో ఒంటరిగా కూర్చుని వాళ్ళ ప్రతి ప్రశ్నకూ జవాబు టైపు చేసిన తోడు మాత్రం, వేదిక మీద నుంచి కళ్ళనీళ్ళతో హులిగమ్మనే చూస్తోంది.