నోరు మూసే స్విచ్చి

జగన్నాధం మూడోసారి బండి దిగాడు. షాపు ముందున్న స్టూలు మీద కూర్చుని గ్లాసుడు నీళ్లు అడిగాడు.

"ఇదేటి మావా, మళ్లీనా?" భరణి స్క్రూడ్రైవరు బల్ల మీద పడేశాడు. నరసన్నపేట హైవే పక్కన బైకులకు పాటల పెట్టెలు బిగించే షాపు అతనిది. పొద్దున్న ఆరింటి నుంచి ఈ ఒక్క బండి మీదే ఉన్నాడు.

"అది మళ్లీ అడిగింది కాదేటి! నీకు ఇనబడనేదా?"

అడిగిన మాట నిజమే. అల్లుడు ఆనంద్‌కుమార్ మామగారి బండికని రెండు వస్తువులు కొనిచ్చాడు. పాటలు పాడేది ఒకటి, దారి చెప్పే జీపీఎస్ ఒకటి. బండికున్న స్పీకరు పెట్టెకు మాత్రం ఒకటే కన్నం. భరణి రెండు తలల వైరు వేసి రెండింటినీ అందులోనే కలిపాడు. స్పీకర్లో ఇంజను ఈల వినబడుతుంటే ఎర్తు వైరు మార్చి దాన్నీ ఆపాడు. అంతా అయ్యాక తాళం తిప్పితే, జీపీఎస్‌లోంచి ఒక ఆడగొంతు గట్టిగా అడిగింది.

"మీరు ఎక్కడికి వెళ్లాలి?"

బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే దిగాలి, కూర్చోవాలి, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. జగన్నాధం ఆ పనే చేస్తున్నాడు. రెండోసారి భరణి సన్నాయి పాట పెద్దగా పెట్టి చూశాడు. ఆ హోరులోంచి కూడా ఆ గొంతు పైకి వచ్చింది.

పక్క టీకొట్టు చిన్నతల్లి నీళ్లు తెచ్చింది. "మూడు గ్లాసులైనాయి బావూ. ఇంక ఆ మెషీను దారి సెప్పడం కాదు, దారిలో ఎక్కడ ఆగాలో సెప్పాలి."

"నవ్వుకోవే. పదకొండింటికి ఇజీనారంలో మనవరాలి బారసాల. అపశకునంతో కదలమంటావేటి? పసిగుడ్డుకి ఏదైనా అయితే ఎవుడిది పూచీ?"

ఎనిమిది కావస్తోంది. పోయినసారి విజయనగరం కొత్త కాలనీలో కూతురి ఇల్లు దొరక్క రెండు గంటలు తిరిగాడు. ఈసారి ఆలస్యమైతే కుదరదు. పళ్లెంలో బియ్యం పోసి దాంట్లో పేరు రాయాల్సింది నువ్వే నాన్నా అని అర్చన మరీ మరీ చెప్పింది.

"పోనీ జీపీఎస్ పీకీనా?" అన్నాడు భరణి.

"పీకీస్తే దారెవుడు సెప్తాడు? నీ బాబు సెప్తాడా?"

"మరేటి సెయ్యమంటావు మావా? తాళం తిప్పితే కరెంటొస్తాది. కరెంటొస్తే అది అడుగుతాది. దాని జన్మ అది."

"మా మాలచ్చిమిదీ ఇదే జన్మ. నాను గడప దాటితే సాలు, ఎక్కడికీ అని. ముప్పయ్యేళ్లు తిట్టినాను. ముప్పయ్యేళ్లూ అడిగింది, కన్ను మూసేదాకా. ఓపాలి సెప్పు కూడా ఇసిరినాను."

"తగిలిందేటి?" చిన్నతల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తలుపుకి తగిలింది. ఆ సెప్పు తెచ్చి నా కాలికాడ పెట్టి, ఇంతకీ ఎక్కడికో సెప్పనేదు, అంది."

చిన్నతల్లి పగలబడి నవ్వింది. జగన్నాధం నవ్వలేదు. గ్లాసు అడుగున మిగిలిన నీళ్లు నేల మీద పారబోశాడు.

"ఇది మెషీను కాబట్టి సరిపోయింది మావా. అత్తకైతే స్విచ్చి పెట్టనేకపోయినావు కదా," అన్నాడు భరణి. అంటూనే ఆగిపోయాడు. ఉపాయం తట్టింది.

జీపీఎస్ వైరు మధ్యలో కోసి చిన్న స్విచ్చి అతికించాడు. "సూడు. ఇది నోరు మూసే స్విచ్చి. కిందకుంటే పాటొక్కటే ఇనబడతాది. అది అడిగినా నీ సెవిన పడదు. తెర మీద అర్చన పేరు నొక్కుకో. హైవే ఎక్కినాక స్విచ్చి పైకెత్తు, ఇంటి ముందు దాకా దారి సెప్తాది."

జగన్నాధం తాళం తిప్పాడు. సన్నాయి మోగింది. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఇప్పుడు పని నేర్చినావురా," అని బండి కదిలించాడు.

చిన్నతల్లి గ్లాసు కడిగేలోపే తిరిగి వచ్చాడు.

"ఏటైంది మావా? పిల్లి ఎదురైందా?"

"నేదు."

"మరి? మళ్లీ అడిగిందేటి?"

"అడగనేదు." హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. "రోడ్డెక్కే దాకా ఏటీ అడగనేదు."

"అందుకే కదా స్విచ్చి పెట్టింది!"

"అదే. పీకీ."

భరణి చిన్నతల్లి వైపు చూశాడు. ముసలాడికి మతి పోయిందన్నట్టు ఆమె చెయ్యి తిప్పింది.

"మరి శకునం మావా?"

"పీకీమన్నానా!"

భరణి స్విచ్చి తీసేసి వైరు మళ్లీ అతికించాడు. చిన్నతల్లి ఎందుకైనా మంచిదని నాలుగో గ్లాసు ముంచి పట్టుకుంది. జగన్నాధం తాళం తిప్పాడు.

"మీరు ఎక్కడికి వెళ్లాలి?"

జగన్నాధం బండి దిగలేదు. నీళ్లు అడగలేదు. హ్యాండిలు మీదుగా వంగి, ఆ గొంతు వచ్చిన వైపు మెల్లగా చెప్పాడు.

"ఇజీనారమేనే. మనవరాలికి నీ పేరే పెడతన్నారు, మాలచ్చిమీ."