పడవ బేరం

మాస్టారు తన భార్య పని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆరు చొక్కాల్లో అయిదింటికి మోచేతుల దగ్గర వార్నీష్ మరకలు. మరక మీదికి వచ్చినప్పుడల్లా ఇస్త్రీపెట్టెను కాస్త గట్టిగానే నొక్కుతున్నాడు.

"ఈ బేరమూ చెడిందా?" అన్నాడు, పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చిన భార్యను చూసి.

"చెడకేం చేస్తుంది? వద్దు వద్దంటున్నా వినకుండా దానికి కొత్త వార్నీష్ పూశారు. కొయ్య పడవ మరీ నిగనిగలాడితే కొనేవాడు మురిసిపోడండీ. లోపల ఏ పుచ్చు దాచారోనని అనుమానపడతాడు. ఇలా వెనక్కి పోయినవాళ్ళలో ఇతను రెండోవాడు."

మాస్టారు నాలుక్కరుచుకున్నాడు. పడవ ఎంత తొందరగా పోతే అంత మంచిదని, స్కూలుకు సెలవు పెట్టి మరీ పూశాడు. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఆయన దాని మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

ఆమె వడ్రంగి. ఇంటి వెనక రేవులో కట్టేసి ఉన్న ఆ పాతకాలపు తెరచాప పడవను ఒక్కో పలకే మార్చుకుంటూ మళ్ళీ నీళ్ళమీద నిలబెట్టింది. వానాకాలం ఏ పలక ఎంత ఉబ్బుతుందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. మాస్టారు కళ్ళజోడు మార్చి మూడు వారాలైన సంగతి మాత్రం చెప్పలేదు. సవతి పోరు ఆడవాళ్ళకే ఉంటుందని ఆయన ఒకప్పుడు అనుకునేవాడు.

అలాంటిది పోయిన నెల, భోంచేస్తూ భోంచేస్తూ, "పడవ అమ్మేద్దామండీ" అని తనే అంది. ఎందుకని మాస్టారు అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం. తన కోసమేనని నమ్మాడు.

మధ్యాహ్నం మూడో మనిషి వచ్చాడు. గడియారాలు బాగుచేసే ముసలాయన.

"ఈసారి నా పద్ధతిలో అమ్ముతాను. మీరు నోరు మెదపకండి" అంది ఆమె. రేవులోకి దిగి, ముసలాయన చూస్తుండగానే మాస్టారు పూసిన వార్నీష్‌ను ఉలి అంచుతో జానెడు మేర గీకేసింది.

"చూడండి తాతగారూ. ఈ పలకకు చెమ్మ ఎక్కుతుంది. చుక్కాని దగ్గర మేకులు రెండేళ్ళలో మార్చుకోవాలి. గట్టి వానొస్తే పైకప్పు కారుతుంది, కింద గిన్నె పెట్టుకోవాలి."

సొంత సరుక్కి ఇన్ని వంకలు చెప్పేవాళ్ళను మాస్టారు ఎక్కడా చూడలేదు.

ముసలాయన వంగి, అడుగు చెక్క ఒకటి ఎత్తి, కింద చేరిన నీళ్ళను వాసన చూశాడు. "కుళ్ళు వాసన లేదు. ఇన్ని చెప్పావంటే ఇంక దాచిందేమీ లేదన్నమాట. నా చేతులు చూడమ్మా, ఎలా వణుకుతున్నాయో. నాకు ఊరికే తేలే పడవ చాలు. నీకేం కావాలో చెప్పు."

ఆమె మాస్టారి వైపు తిరిగింది. "మీరెళ్ళి కాస్త టీ పెట్టండి."

టీ మరుగుతుంటే మాస్టారు వంటింటి కిటికీలోంచి చూశాడు. ముసలాయన జేబులోంచి ఫొటో ఒకటి తీసి చూపిస్తున్నాడు. మనవలది కాబోలు. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పడవ రేవు దాటిపోయింది. తెరచాప మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా మాస్టారు దాన్ని కాదు, భార్య మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆమె కళ్ళు చెమర్చలేదు. ఆయన కడుపు చల్లబడింది.

ఇంట్లోకి వచ్చాక, "రేపట్నుంచి సాయంత్రాలన్నీ మనవే" అన్నాడు. "సినిమాలకెళ్దాం. షికార్లకెళ్దాం. రేవు వైపు మాత్రం వద్దు."

"ఊఁ."

"బెంగగా ఉందా?"

"బెంగెందుకు? దానికి ఇంక చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదుగా." ఆమె ఆయన్నే కాసేపు చూసి, చెయ్యి చాచి చెవి పక్కన నిమిరింది. "ఇక్కడ తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయండీ?"

మాస్టారి పదకొండేళ్ళ కుళ్ళు ఆ ఒక్క ప్రశ్నతో కొట్టుకుపోయింది.

అంతలో వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. ఆయన వెళ్ళి తలుపు తీశాడు. లారీ మీద ఓ కొయ్య పడవ. పొద్దున పోయినదానికి రెండింతల పొడవుంది. సగం పలకలు ఊడి, పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి.

"ఇల్లు పొరబడ్డట్టున్నావు బాబూ" అన్నాడు డ్రైవరుతో.

"లేదండీ, ఇక్కడికే. గడియారాల తాత పంపాడు. అమ్మగారి పడవకు మారుగా ఇది ఇచ్చేట్టు నిన్ననే మాటైందంట."

మాస్టారు గిరుక్కున వెనక్కి తిరిగాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఆమె ఆయన పక్కనుంచే గడప దాటి లారీ వైపు వెళ్ళిపోయింది.