గురువారం డబ్బా

"ఈసారి పులుపు తగ్గింది, భయపడకు," అంటూ పాంటెలిస్ పార్సిల్‌ను కిటికీలోంచి ముందుకు తోశాడు.

అందుకోబోయిన హెన్నింగ్ చెయ్యి ఆగిపోయింది. డబ్బాకు చుట్టిన గుడ్డ, దానిమీద తాడు, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"మీకెలా తెలుసు బాబాయ్?"

పాంటెలిస్ కట్టు కట్టిన బొటనవేలితో రసీదు పుస్తకం తిప్పుతూ కూర్చున్నాడు. గ్రీసులోని థెస్సలోనికీ బస్టాండులో పార్సిళ్ళ కిటికీ వెనక ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే చిరచిర. చదువుకునే పిల్లలకు ఊళ్ళనుంచి తల్లులు పంపే తిండి డబ్బాలన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్ళాలి. "మీసాలొచ్చినా అమ్మ వండితేగాని ముద్ద దిగదు వెధవలకి" అని తిట్టకుండా ఒక్క డబ్బా ఇచ్చి ఎరగడు.

హెన్నింగ్ చదువుకోడానికి వచ్చిన డెన్మార్క్ కుర్రాడు. మొదట్లో ఆ డబ్బాలు అతనివి కావు. అతని గదిలో ఉండే స్టాథిస్‌కు, సియాటిస్టా ఊరినుంచి వాళ్ళమ్మ అర్గిరో ప్రతి గురువారం బస్సులో పంపేది. స్టాథిస్ సగం పెట్టేవాడు. పెట్టి ఊరుకోక ఒక పాఠం కూడా చెప్పాడు: "మా దగ్గర గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదురోయ్." అప్పటినుంచి హెన్నింగ్ కడిగిన డబ్బాలో దాల్చినచెక్క బన్నులు పెట్టి, వచ్చీరాని గ్రీకులో చిన్న చీటీ రాసి, తిరుగు బస్సుకు ఇచ్చేవాడు. సెల్‌ఫోన్లు లేని రోజులవి. మామూలు ఫోన్‌లో గ్రీకు మాట్లాడాలంటే అతనికి చెమటలు పట్టేవి. చీటీలే దిక్కు.

జనవరిలో స్టాథిస్‌ను సైన్యానికి పిలిచారు. వెళ్ళిపోయాడు. ఆ గురువారం హెన్నింగ్ అలవాటుగా బన్నులు పట్టుకుని వచ్చాడు. బస్సు ఖాళీ అయింది. డబ్బా రాలేదు. అయినా అతను కదల్లేదు.

"ఏంటలా చర్చిలో కొవ్వొత్తిలా నిలబడ్డావ్? పో, వచ్చేవారం వస్తుందిలే," అని కసిరాడు పాంటెలిస్.

నిజంగానే వచ్చింది. అదీ హెన్నింగ్ పేరుతోనే! ఆ తర్వాత ఒక్క గురువారం తప్పలేదు. మొదటి రెండుసార్లూ పాలకూర రొట్టె అడుగు మాడింది. కొడుకు దూరమై మనసు బాగాలేదేమో పాపం, అనుకున్నాడు. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో మాంసం ఉండలొచ్చాయి. ఆ రోజుల్లో అర్గిరో మాంసం ముట్టనైనా ముట్టదని స్టాథిస్ చెప్పిన గుర్తు.

"నీకెక్కడి ఉపవాసంరా? తిను," అన్నాడు పాంటెలిస్.

తనకోసం ఆవిడ నియమం కూడా పక్కన పెట్టిందని హెన్నింగ్‌కు కళ్ళు చెమర్చాయి. పోయినవారం ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి పంపితే, "చాలా బాగున్నాయి, నిమ్మరసమే కాస్త ఎక్కువైందమ్మా" అని చీటీ రాశాడు.

ఆ చీటీ గుర్తొచ్చి ఇప్పుడు అతని మొహం ఎర్రబడింది.

"నా చీటీ చదివారా?"

"చదివాను."

"డబ్బాలోవి తిన్నారా?"

పాంటెలిస్ ఏదో అనబోయి మింగేశాడు. "తిన్నాను. నీ బన్నులు కూడా తిన్నాను. ఫిర్యాదు రాస్తావా? పెన్ను ఇమ్మంటావా?"

"పెద్దవారని బాబాయ్ అని పిలిచాను," హెన్నింగ్ డబ్బా లాక్కున్నాడు. "ఒక తల్లి పంపిన కూడు! ఎల్లుండి మా దేశం వెళ్ళిపోతున్నా. రేపు ఆవిడ దగ్గరికెళ్ళి అన్నీ చెప్తాను. సియాటిస్టా బస్సు ఎన్నింటికి?"

పాంటెలిస్ మొహం పాలిపోయింది. "కొండదారిరా అది. ఎందుకు నీకు? ఆవిడ ఇంట్లో ఉండదు... చుట్టాల పెళ్ళికి పోయింది. ఇచ్చేదేదో నాకివ్వు, పంపుతా."

"మళ్ళీ మీకా?"

డబ్బా చంకన పెట్టుకుని విసురుగా కదిలాడు. వెనకనుంచి కేక వినిపించింది: "ఒరేయ్, చల్లారకముందే తిను!"

మర్నాడు సియాటిస్టాలో అర్గిరో తలుపు తీసింది. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. పేరు చెప్పగానే కావలించుకుని, దిష్టి తగలకుండా "ఫ్తూ ఫ్తూ" అంది. చెర్రీల మురబ్బా చెంచాతో, చల్లటి నీళ్ళతో ముందు పెట్టింది.

"అమ్మా, నా చీటీలు అందుతున్నాయా?"

"అందకేం! దాచుకున్నాను," అంటూ లోపలికెళ్ళి చిన్న కట్ట తెచ్చింది.

హెన్నింగ్ ఒక్కొక్కటే తిరగేశాడు. చివరిది క్రిస్మస్ ముందు రాసింది.

"ఆ తర్వాతవి?"

అర్గిరో తల దించుకుంది. అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది నాయనా," అంది. "మావాడు వెళ్ళాక నీకొక్క డబ్బా కూడా పంపలేదు."