చెంచాడు పంచదార

ఆ ముసలాయన మొదటిసారి తలుపు తట్టి అడిగింది చెంచాడు పంచదార.

ఉత్తరపు కొసనున్న ఆ ఊరికి వాళ్లు వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. సగం పెట్టెలు ఇంకా విప్పనే లేదు.

భర్తది గనిలో ఉద్యోగం. తెల్లవారకముందే వెళితే మళ్లీ పొద్దుపోయాకే రాక. అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుపోయేది. పగలంతా ఇంట్లో మిగిలేది ఆమె, ఐదేళ్ల కూతురు, హాలు గోడకు బిగించిన గ్యాస్ హీటరు.

ముక్కూ మొహం తెలియని చోట పిల్లను ఎలా కాపాడుకోవడమన్నదే ఆమె దిగులంతా. అందుకే గొలుసు తీయకుండా, తలుపు సందులోంచే పంచదార అందించింది.

మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చాడు. ఈసారి అగ్గిపుల్లలు. ఆ మర్నాడు సూది. ఆ తర్వాత చిటికెడు ఉప్పు.

పాప ఆయనకు చెంచా తాత అని పేరు పెట్టింది.

"ఇంకా నయం, స్టవ్వు అడగలేదు," అన్నాడు భర్త.

ఆమెకు నవ్వు రాలేదు. అడిగింది పుచ్చుకుని పోయే మనిషైతే సరిపెట్టుకునేదే. ఆయన తిన్నగా రోడ్డెక్కడు. ఇంటి పక్కగా వెనక్కు వెళ్లి, ఉత్తరపు గోడ దగ్గర కాసేపు తచ్చాడి, అప్పుడు బయటపడతాడు. ఆ బూటు జాడలు మర్నాటిదాకా మంచులో అలాగే ఉండేవి.

పైగా రోజూ అదే ప్రశ్న.

"పాపకు తలనొప్పేమీ లేదు కదమ్మా?"

ఈ మనిషి నోట ఒక్క మంచిమాట రాదా అనుకునేది ఆమె.

ఇంట్లో మగమనిషి లేని వేళ చూసి వస్తున్నాడనీ, ఇంటి ఆనుపానులు కనిపెడుతున్నాడనీ భర్తతో చెప్పింది. సెలవు రోజున అతను పక్కదారి గేటుకు తాళం వేశాడు.

మర్నాడు ముసలాయన గేటు దాకా వెళ్లి, తాళం పట్టుకు చూసి, మళ్లీ మెట్లెక్కి వచ్చాడు.

అప్పటికే ఆమె ఒక అట్టపెట్టె సిద్ధం చేసి ఉంచింది. పంచదార, ఉప్పు, అగ్గిపెట్టెలు, సూదీ దారం, ఆయన అడిగినవీ, ఇకముందు అడగబోయేవీ అన్నీ సర్ది తాడుతో కట్టింది.

"ఇందులో అన్నీ ఉన్నాయి తాతగారూ. మీకిక రోజూ ఈ మెట్లెక్కే శ్రమ ఉండదు."

మర్యాదకు ఎక్కడా లోటు లేదు. అయినా తలుపు వేయకముందే వేసినట్టయింది.

ఆయన పెట్టె వంక చూశాడు. ఆమె కొంగు పట్టుకు నిలబడ్డ పాప వంక చూశాడు.

"అన్నీ పెట్టావమ్మా," అన్నాడు. "గోడ వెనక మంచు మాత్రం పేరుకోనివ్వకు. రోజూ తీయించు."

ఆ పనేదో తనకే ఇమ్మంటున్నాడు కాబోలనుకుంది. అలాగేనని తలుపు వేసింది. గంట తిరిగేసరికి ఆ మాటే మరిచిపోయింది.

మళ్లీ ఆయన తలుపు తట్టలేదు. ఆ వారంలో ఆమె మిగిలిన పెట్టెలన్నీ విప్పింది. కిటికీలకు తెరలు కట్టింది. అది తన ఇల్లే అనిపించడం మొదలైంది.

ఎనిమిదో నాడు పట్టిన మంచు మూడు రోజులు విడవకుండా కురిసింది. మూడోనాటి మధ్యాహ్నం పాప బొమ్మలు వదిలేసి నేలమీద వాలిపోయింది.

"అమ్మా, తలనొప్పి."

ఎక్కడో విన్న మాట. ఎక్కడ విన్నదీ గుర్తుకు రాగానే, పొద్దుటి నుంచి తన తలా దిమ్ముగానే ఉన్నదని తెలిసింది. ఏమీ ఆలోచించకుండా పిల్లను ఎత్తుకుని, గొలుసు లాగి, బయటి మెట్లమీద కూలబడింది.

కబురందుకుని భర్త హీటరు మెకానిక్కును వెంటబెట్టుకు వచ్చాడు. ఉత్తరపు గోడ దగ్గర నడుములోతు తవ్వాక హీటరు పొగగొట్టం బయటపడింది. మూతి మంచుతో గడ్డకట్టి ఉంది. బయటికి పోవలసిన విషపు గాలి ఇంట్లోకే తిరిగిందనీ, ఇంకో అరగంట ఆగి ఉంటే... అనీ మెకానిక్కు పాపను చూసి మాట మింగేశాడు.

"ముసలాయన రావడం మానేశాడా?" అని మెకానిక్కే మళ్లీ అడిగాడు.

భర్త పక్కదారి గేటు తాళం వంక చూశాడు.

"ఈ ఇంట్లో ఎవరు దిగినా ఏదో ఒకటి అడిగే వంకతో వచ్చి, ఈ గొట్టం తుడిచి పోతాడు," అన్నాడు మెకానిక్కు. " ఇరవై ఏళ్లుగా ఇదే పని. గొట్టం ఎత్తు పెంచమని గని ఆఫీసుకు ఎన్ని ఉత్తరాలు రాశాడో. జరిగింది చెబితే ఈ ఇంట్లో ఎవరూ ఉండలేరని నోరు విప్పడు. ఈ చలిలో వేరే ఇల్లెక్కడ దొరుకుతుంది చెప్పండి?"

జరిగిందేమిటని ఆమె అడిగితే, ఆయన్నే అడగమన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాపను వెంటబెట్టుకుని ఆమె బయల్దేరింది. గేటు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, ఆ తర్వాత ఏం చెప్పాలో దారి పొడవునా వెతుక్కుంది.

మెకానిక్కు చెప్పిన గుర్తు ప్రకారం ఆయన ఉండేది రెండు వీధుల అవతల, రొట్టెల దుకాణం పైగది. తలుపు బార్లా తెరిచి ఉంది. దుకాణం ఆవిడ గది ఊడుస్తోంది.

న్యుమోనియా వచ్చి, నాలుగు రోజుల కిందట ఆసుపత్రిలో పోయాడని చెప్పింది. దగ్గుతూ కూడా రోజూ ఎగువ వీధికి వెళ్లి, ఎవరి గేటు దగ్గరో నిలబడి వచ్చేవాడట.

అల్మరాలో పంచదార సీసాలు నిండుగా ఉన్నాయి. డజనుకు పైగా అగ్గిపెట్టెలున్నాయి. బల్లమీద అట్టపెట్టె, కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

"నా అన్నవాళ్లెవరూ లేరా?"

"భార్య, ఇద్దరాడపిల్లలు," అంది ఆవిడ చీపురు ఆపి. "ఆయన గనిలో ఉండగా, ఒక చలికాలం, ముగ్గురూ నిద్రలోనే పోయారు. అదిగో, వాళ్లే."

గోడమీది పటంలో ఆ తల్లీ పిల్లలు మెట్లమీద కూర్చుని నవ్వుతున్నారు. వాళ్ల వెనక బార్లా తెరిచి ఉన్నది, ఆయన్ను తాను ఒక్కనాడూ లోపలికి రమ్మనని ఆ తలుపే.