రెండో గిన్నె

"పదికి పది!"

గఫూర్ మళ్లీ అరిచాడు.

ముప్ఫయ్యో మనిషి కూడా మూడు కప్పుల్లోనూ పదేసి చింతగింజలు వేసి, మూతి తుడుచుకుని వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

శంకరప్ప తల పట్టుకున్నాడు.

1961. వికారాబాద్ స్టేషన్ పక్కన ప్రయాణికులు బసచేసే ముసాఫిర్‌ఖానా వరండా. మూడు గిన్నెల్లో మూడు రకాల కందిపప్పు. రుచి చూసి, ఒక్కో గిన్నెకు నచ్చినన్ని గింజలు దాని ముందున్న కప్పులో వేయాలి. పదికి మించకూడదు. గింజలే మార్కులు.

శంకరప్ప హైదరాబాదులో ఒక పప్పు కంపెనీకి లెక్కల ఆఫీసరు. గఫూర్ ఆ కంపెనీ వంటవాడు. అనాలిసిస్ ఆఫ్ వేరియన్స్ అనే లెక్క శంకరప్ప కొత్తగా నేర్చుకొచ్చాడు. నాలుకలు రకరకాలు. మనిషికీ మనిషికీ ఉండే తేడాను మించి గిన్నెకీ గిన్నెకీ తేడా కనబడితేనే, పప్పులో నిజంగా తేడా ఉన్నట్టు. లేకపోతే లేనట్టే.

ఒకటో గిన్నెలో మిషను పప్పు. రెండో గిన్నెలో తాండూరులోని కంపెనీ షెడ్డులో ఆడవాళ్లు ఇసుర్రాళ్లతో విసిరిన పప్పు. మూడోది రెండూ కలిపింది. తేడా లేదని తేలితే షెడ్డు నిలబడుతుంది. మిషను పప్పే మేలని తేలితే మూతపడుతుంది, నలభై మంది కూలి పోతుంది. ఏ గిన్నె ఏదో ఎవరికీ చెప్పకూడదని కంపెనీ ఆర్డరు.

"అన్నిటికీ పదేస్తే నేనేం లెక్క కట్టాలి గఫూర్?"

"పిల్చి పెట్టినోళ్ల కూరకు ఎవరన్న వంక పెడ్తరా సార్? మర్యాద కాదు గద!"

ఆ చుట్టుపక్కల ఊళ్లలో అది పెద్ద మర్యాదే. పాపం శంకరప్ప మార్కులు రాసుకునే కార్డులో మర్యాదకు గడి లేదు.

అప్పుడొచ్చింది ఒకామె. నలభై అయిదేళ్లుంటాయి.

"పేరు?"

"పేరెందుకు సార్? తినేటిది నోరే గద."

గఫూర్ నవ్వాడు. శంకరప్పకు నవ్వు రాలేదు.

ఆమె ఒకటో గిన్నె రుచి చూసింది. రెండో గిన్నెలోది నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. మూడోది కూడా చూసింది.

"గెలవని పప్పు ఏమైతది సార్?"

"ఆపేస్తారు."

"గది చేసేటోళ్లు?"

"అదంతా నీకెందుకమ్మా? గింజలెయ్యి."

ఆమె కదల్లేదు. వెనకవాళ్లు తోస్తున్నా కదల్లేదు.

తర్వాత ఒకటో కప్పులో పది, మూడో కప్పులో ఆరు గింజలు వేసింది. రెండో కప్పులో మూడే వేసింది.

"గింత తక్వనా?" గఫూర్ నోరు తెరిచాడు.

"మూడు గిన్నెలు ఒక్కపారే పొయ్యెక్కిచ్చినవా?"

"అవ్."

"ఒక్కపారే దించినవా?"

"అవ్."

"మరి గీ రెండోదేమో పంటికింద పలుకు తగుల్తుంది. గా ఒకటోది చూడు, ఎన్న లెక్క మెత్తగ ఉడికింది. కట్టెలు సగం మిగుల్తయి. ఆడోళ్లకు పొగ సగం తప్పుతది."

అంతటితో ఊరుకోలేదు. వాకిట్లో కూర్చున్నవాళ్ల వైపు తిరిగింది.

"ఓ అక్కా! ఓ అన్నా! రేపు కొనుక్కపోయి ఉడకేసుకునేటిది మనమే. మర్యాద పక్కకు పెట్టి నిజం చెప్పుండ్రి జర."

ఎవరో నవ్వారు. ఇంకెవరో సిగ్గుపడ్డారు. తిన్నవాళ్లంతా లేచి మళ్లీ వరుసలో నిలబడ్డారు.

శంకరప్ప పాత కార్డులు చింపేసి కొత్తగా మొదలుపెట్టాడు. తలెత్తి చూసేసరికి ఆమె లేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. మిషను పప్పే మేలు. అనుమానం లేదు.

కంపెనీ సేఠ్ భుజం తట్టాడు. శంకరప్పకు సంతోషం కలగాలి. ఏమీ కలగలేదు.

రెండు నెలల తర్వాత తాండూరులో షెడ్డు మూసేశారు. పని ఆగినట్టు కాగితాల మీద ఆడవాళ్ల వేలిముద్రలు తీసుకోవడానికి కంపెనీ శంకరప్పనే పంపింది.

ఎవరూ ఏడవలేదు. తిట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి, వేలు ఇంకుకు తాకించి, కాగితం మీద ఒత్తి, గోడకు తుడుచుకుని బయటికి నడిచారు. శంకరప్ప పేరు పిలవడం, కాగితం తిప్పడం. అంతే. వచ్చినవాళ్లు ముప్ఫై మందో, ముప్ఫై అయిదు మందో కూడా చూసుకోలేదు.

"మొగులమ్మ!"

వచ్చిన మనిషిని చూసి అతని చెయ్యి ఆగింది. వికారాబాదులో మూడు గింజలు వేసిన ఆమే.

"నువ్వు... ఇక్కడ పనిచేస్తావా?"

"పందొమ్మిదేండ్ల సంది సార్."

ఆమె వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గరున్న ఆడవాళ్లు మాటలు ఆపేసి మొహాలు తిప్పుకున్నారు.

పాపం, తెలియక తన పొట్ట తనే కొట్టుకుంది అనుకున్నాడు శంకరప్ప. అలా అనుకుంటే కాస్త తేలికగానే ఉంది.

ఆఖరున వజీరాబీ వచ్చింది. షెడ్డులో అందరికంటే పెద్దది.

"ఆమెతో మీరెవరూ మాట్లాడరా?" అడిగాడు.

"రొండు నెల్లాయె సార్. గింజల సంగతి ఒచ్చి తనే ఉన్నదున్నట్టు చెప్పింది. గప్పటిసంది మాటలు బంద్."

"ఆమె మీద కోపం పెట్టుకోవద్దమ్మా. ఏ గిన్నెలో ఏ పప్పుందో ఆమెకు తెలియదు."

వజీరాబీ వేలికంటిన ఇంకు తుడుచుకుంటూ అతని వైపు చూసింది.

"తెల్వకేంది సార్, నాలుక మీద పెట్టి మా షెడ్డు పప్పేదో చెప్పేటిది మా అందర్ల ఆమె ఒక్కతే అనే, గా పప్పుకే పది గింజలు ఏసి రమ్మని మేమే ఆమెను వికారాబాద్ రైలెక్కిచ్చినం."